చంద్రుడి అవతలివైపు, 1972

నా పుస్తకాల బీరువా అడుగు అరలో, నిఘంటువుల వెనక, ఒక కేసెట్టు ఉన్నది. తొంభై నిమిషాల టేపు. పైన అతికించిన చీటీ మీద నీలి సిరాతో, గుండ్రని తెలుగు అక్షరాలతో "చంద్రుడు – అవతలివైపు" అని రాసి ఉంటుంది. ఆ చేతిరాత నాది కాదు. కేసెట్టూ నాది కాదు. 1993 వేసవిలో ఒక మిత్రుని దగ్గర, రెండు రోజుల్లో ఇచ్చేస్తానని చెప్పి తెచ్చుకున్నది. ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి గల కారణాలను ముప్పై ఏళ్ళుగా నాలో నేను సవరించుకుంటూ వస్తున్నాను. ఈ టపాను కూడా అటువంటి సవరణల్లో ఒకటి అనుకోండి.

మీలో చాలామందికి పాశ్చాత్యుల రాక్ సంగీతం మీద ఆసక్తి లేదని ఎరుగుదును. నాకూ ఉండేది కాదు. మా ఇంట్లో సంగీతమంటే విజయవాడ కేంద్రం వారి భక్తిరంజని, ఆ తరువాత నాన్నగారి పద్యాలు. కాకినాడలో ఇంజనీరింగు చదివేరోజుల్లో హాస్టలు గదిలో నా పక్కమంచం మీద పడుకునే మిత్రుడు (పేరు రాయను, అతని అనుమతి తీసుకోలేదు) ఒక రాత్రి దీపం ఆర్పి, "మాట్లాడకుండా విను, పడుకుంటే చంపుతా" అని ఆ టేపు పెట్టాడు. మొదట ఏమీ వినిపించలేదు. తరువాత గుండె చప్పుడు. నేను నిజంగానే నా గుండె అనుకున్నాను.

ఆ టేపుకి రెండు వైపులా ఒకే సంగీతం ఉండేది, కానీ ఒకటి కాదు. ఒకవైపు 1973లో విడుదలైన ఆల్బం: పింక్ ఫ్లాయిడ్ బృందం వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. రెండోవైపు అదే రచన, ఆల్బం పుట్టడానికి ఏడాది ముందు, లండన్‌లో జనం ఎదుట వాయించినది. ఎవరో సభలో దొంగతనంగా రికార్డు చేసుకున్నది, చేతులు మారి మారి, కాపీకి కాపీగా మద్రాసు దాకా వచ్చి, అక్కడినుంచి మిత్రుని అన్నగారి ద్వారా కాకినాడకు చేరింది. హోరు ఎక్కువ, పాట తక్కువ. పైగా నలభై అయిదు నిమిషాల్లో ఆ కచేరీ పట్టలేదు. చివరి పాటలు రాబోతుండగా టేపు టక్కున ఆగిపోయేది. ఆ 'టక్కు' కూడా ఆ సంగీతంలో భాగమేనని నేను చాలాకాలం నమ్మాను.

ఆ రెండోవైపు గురించే రాయాలని కూర్చున్నాను.

మనకు తెలిసిన క్రమం ఏమిటి? పాట రికార్డు చేస్తారు, అది జనంలోకి వెళుతుంది, పేరు వస్తే ఊరూరా తిరిగి వాయిస్తారు. ఈ బృందం తలకిందులుగా చేసింది. 1971 చివర లండన్ కామ్డెన్ ప్రాంతంలో, డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ ఇంట్లో, వంటగదిలో నలుగురూ కూర్చుని వచ్చే పర్యటనకు కొత్తగా ఏమి వాయించాలని ఆలోచించారు. బాస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్ ఒక ప్రతిపాదన చేశాడు. మనిషిని మతి తప్పేటట్టు చేసేవి ఏవి? కాలం, డబ్బు, ప్రయాణాల అలసట, చావు భయం, మనమూ వాళ్ళూ అనే గోడ, చివరకు మతి తప్పడమే. వీటిని విడివిడి పాటలుగా కాక ఒకే ధారగా, ముక్కాలుగంట పైన సాగే ఒకే రచనగా చేద్దామన్నాడు. మాటలన్నీ తానే రాస్తానన్నాడు. అప్పటివరకు ఆ బృందంలో ఒక ఆల్బమంతటికీ ఒక్కడే మాటలు రాయడం జరగలేదు.

బాణీలు అన్నీ కొత్తవి కావు. పాత పెట్టెల్లోంచి తీసిన ముక్కలు ఉన్నాయి. కీబోర్డులు వాయించే రిచర్డ్ రైట్, ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన 'జబ్రిస్కీ పాయింట్' చిత్రం కోసం ఒక పియానో ముక్క చేస్తే దర్శకుడు వద్దన్నాడు. అల్లర్ల దృశ్యం మీద వినిపించాల్సిన ముక్క అది, కానీ సంధ్యవేళ గోదావరిలా ఉంటుంది. అదే రెండేళ్ళ తరువాత 'అస్ అండ్ దెమ్' అయింది. ఒకరు వద్దన్నదానిని పారెయ్యకుండా దాచుకోవడం ఎంత అవసరమో, తిరస్కృతుల కట్ట ఇంట్లో ఉన్న మనబోటివాళ్ళకు వేరే చెప్పాలా.

లండన్ బెర్మండ్సీలో రోలింగ్ స్టోన్స్ బృందం వారి గిడ్డంగి ఒకదాన్ని తీసుకుని సాధన చేశారు. పర్యటనకు కొత్త సరంజామా సమకూర్చుకున్నారు: ఇరవై ఎనిమిది ట్రాకుల మిక్సింగ్ బల్ల, సభలో నాలుగు మూలలనుంచి శబ్దం వచ్చే ఏర్పాటు, స్వంత దీపాల అమరిక. మొత్తం తొమ్మిది టన్నులకు పైగా సామాను, మూడు లారీల్లో. చదివినప్పుడల్లా నాకు సురభి వారు గుర్తొస్తారు. చిన్నతనంలో మా ఊరికి వాళ్ళ తెరలూ చక్రాలూ మాయాదర్పణాలూ లారీ మీద దిగుతుంటే, నాటకం కంటే ముందు ఆ దిగుమతి చూడడానికే పరిగెత్తేవాళ్ళం.

1972 జనవరి 20, బ్రైటన్ పట్టణంలోని డోమ్ రంగస్థలం. తొలి ప్రదర్శన. గుండె చప్పుడుతో మొదలైంది, సాగింది. 'మనీ' పాట దగ్గరికి వచ్చేసరికి చెడిపోయింది. ఆ పాటకు ముందు నాణేల గలగల, కాగితం చించిన చప్పుడు, గల్లాపెట్టె మోత, ఇవన్నీ లయబద్ధంగా కత్తిరించి అతికించిన టేపు ఒకటి తిరుగుతూ ఉండాలి. (నాణేల చప్పుడుకోసం వాటర్స్ తన తోటలోని కొట్టంలో, కుండలు చేసుకునే భార్య మట్టి కలుపుకునే గిన్నెలోకి చిల్లర విసిరి రికార్డు చేసుకున్నాడు.) యంత్రాలు మొరాయించాయి. ఆ చప్పుళ్ళ లెక్క ఏడు. ఏడు మాత్రల చక్రం. మనవాళ్ళు మిశ్రచాపు అంటారు, మూడూ నాలుగూ. పాశ్చాత్య జనరంజక గీతాల్లో ఏడు అరుదు, నాలుగే రాజ్యం. టేపు ఏడు కొడుతుంటే నలుగురు మనుషులు దానితో కలిసి నడవాలి. అది జారితే కలుపుకోవడం కష్టం. ఆపేశారు. క్షమాపణ చెప్పుకుని, కొంతసేపటికి వచ్చి పాత రచన ఏదో వాయించి సభ ముగించారు. మరునాడు పోర్ట్స్‌మత్‌లో మొదటిసారి పూర్తిగా నడిపించారు.

ఈ బ్రైటన్ సంగతి చదివినప్పుడు నాకు ఎందుకో చాలా తృప్తి కలిగింది. తరువాతి కాలంలో నాలుగున్నర కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయి, అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో 1973 నుంచి 1988 వరకు 741 వారాలు కనిపించిన రచన, మొదటి రాత్రి సగంలో కూలబడింది.

అసలు ఆ నెలంతా అలాగే గడిచింది. రచనకు ముగింపు లేదు. ఊరినుంచి ఊరికి తిరుగుతుండగానే ఇది ఆగినట్టు ఉంది గాని ముగిసినట్టు లేదని అనిపించి, వాటర్స్ దారిలోనే 'ఎక్లిప్స్' అనే చివరి గీతాన్ని రాసి చేర్చాడు. పేరు కూడా స్థిరపడలేదు. పర్యటన పత్రాల్లో 'రకరకాల పిచ్చివాళ్ళ కోసం ఒక రచన' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక ఉండేది. ఈలోగా మెడిసిన్ హెడ్ అనే వేరొక బృందం అదే పేరుతో ఆల్బం తెచ్చిందని తెలిసి, కొన్నాళ్ళు తమదానికి 'ఎక్లిప్స్' అని పేరు మార్చుకున్నారు. వాళ్ళ ఆల్బం అమ్ముడుపోలేదు. వీళ్ళు పాత పేరుకే తిరిగి వచ్చారు.

ఫిబ్రవరి 11న మాంచెస్టరులో వాయిస్తుండగా కరెంటు పోయింది. బ్రిటనులో బొగ్గుగని కార్మికుల సమ్మె ఉధృతంగా ఉన్న రోజులు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, వంతులవారీ కోతలు మొదలయ్యాయి. తొమ్మిది టన్నుల సరంజామా, నాలుగు మూలల శబ్దం, అన్నీ ఒక్కసారి మూగబోయాయి. సభ అంతటితో సరి. కాకినాడ హాస్టల్లో మాకు ఇది నిత్యానుభవం. సరిగ్గా గడియారాలన్నీ ఒక్కసారి మోగే ఘట్టం ముందు కరెంటు పోయేది; మిత్రుడు చీకట్లోనే మిగతా పాటను నోటితో వాయించేవాడు, గిటారుతో సహా.

ఫిబ్రవరి 17 నుంచి 20 వరకు లండన్ రెయిన్‌బో థియేటరులో నాలుగు రాత్రులు. పత్రికలవాళ్ళను పిలిచింది ఇక్కడికే. మా టేపు రెండోవైపున ఉన్నది ఈ రెయిన్‌బో కచేరీయే. ఆల్బం రావడానికి ముందే దీని దొంగ రికార్డులు దుకాణాల్లో దిగి విపరీతంగా అమ్ముడుపోయాయి. 

ఆ దొంగ ప్రతికీ అసలు ఆల్బముకీ తేడాలు ఏమిటో మేమిద్దరం ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. అది మా పరిశోధన. ఆల్బంలో 'ఆన్ ద రన్' అనే ఘట్టం ఉన్నది; అంతా యంత్రమే, ఒక చిన్న సింథసైజరులో ఎనిమిది స్వరాలను ఎక్కించి గిర్రున తిప్పితే పుట్టినది. రెయిన్‌బోలో ఆ చోట అది లేదు. గిటారూ కీబోర్డూ సవాలు జవాబుల్లా నడిచే ఒక వాయింపు ఉన్నది, దానిని ప్రయాణ ఘట్టం అనేవారు. మిత్రుడు దీన్ని సమర్థించేవాడు. నాకు మాత్రం అది రైలు రాక ముందు ప్లాట్‌ఫారం మీద కాలక్షేపంలా ఉండేది. ఇప్పటికీ అదే అభిప్రాయం. 'టైమ్' పాట ఆల్బంలో కంటే నెమ్మదిగా, బరువుగా, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది. డేవిడ్ గిల్మర్, రైట్ ఇద్దరూ గొంతు కలిపి పాడుతుంటే ఆ నెమ్మదిలో ఆల్బంలో లేని ఒక నిస్సహాయత వినిపిస్తుంది. కాలం గడిచిపోయిందని కోపంతో చెప్పడం ఒకటి, అలసిపోయి చెప్పడం ఒకటి. 'మనీ'లో శాక్సఫోను లేదు. ఆడవారి గొంతుకలు ఎక్కడా లేవు.

అన్నిటికంటె పెద్ద తేడా మృత్యువు దగ్గర ఉన్నది. ఆల్బం తెలిసినవారికి 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' అనగానే క్లేర్ టోరీ గొంతు గుర్తొస్తుంది. మాటలు లేని ఆ విలాపాన్ని ఆమె 1973 జనవరిలో, ఆల్బం దాదాపు పూర్తయిన దశలో, ఒక సాయంత్రం వచ్చి పాడి ముప్పై పౌండ్లు తీసుకుని వెళ్ళిపోయింది. (ఆమెకు సహరచయిత్రిగా గుర్తింపు రావడానికి 2005 దాకా, కోర్టు దాకా పట్టింది.) 1972లో ఈ గొంతు లేదు. ఆ చోట రైట్ వాయించే ఆర్గను, దాని మీద బైబిలు పఠనాలు, మాల్కం మగ్గరిడ్జ్ అనే రచయిత మత ప్రసంగపు గొంతు టేపుల మీద వినిపించేవి. చర్చిలోకి తప్పిపోయి వెళ్ళినట్టు ఉంటుంది. ఆల్బంలో మృత్యువు మనిషి గొంతులోంచి ఏడుస్తుంది. ఇక్కడ మృత్యువు గురించి ఇతరులు ఉపన్యసిస్తున్నారు. ఎవరైనా మొదటిదే గొప్పదంటారు, నేనూ అంటాను. కానీ హాస్టల్లో ఆ రోజుల్లో మిత్రుడు రెండోదాన్ని వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. ఒకరోజు అడిగితే, "వీళ్ళు మాట్లాడుతున్నది నాతో కాదు కదరా, అందుకే వినబుద్ధవుతుంది" అన్నాడు. ఆ మాటలో ఏమున్నదో నాకు అప్పుడు తెలియలేదు.

సరే, ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. 1972లో వేదిక మీద లేని మనిషి.

పింక్ ఫ్లాయిడ్ బృందానికి పేరు పెట్టినవాడు, 1967 నాటి మొదటి ఆల్బంలో ఎక్కువ పాటలు రాసినవాడు సిడ్ బారెట్. కేంబ్రిడ్జి కుర్రవాడు, 1946లో పుట్టినవాడు. వాటర్స్, గిల్మర్ ఇద్దరూ అతనికి అక్కడి చిన్ననాటి స్నేహితులే. ఆ 1967 ముగిసేలోగా అతని మనసు పట్టు తప్పింది. మాదకద్రవ్యాలు కారణమని కొందరు, లోపల ముందే ఉన్న వ్యాధి అని కొందరు, కీర్తి బరువని కొందరు అంటారు. వేదిక మీద పాట నడుస్తుంటే గిటారు తంతులు వదులు చేసుకుంటూనో, ఒకే స్వరం మీటుతూనో నిలబడేవాడు. గిల్మర్‌ను అయిదోవాడిగా తెచ్చుకున్నారు. 1968 జనవరి చివర సౌతాంప్టన్‌లో కచేరీకి కారులో బయలుదేరారు. దారిలో సిడ్‌ను ఎక్కించుకోవాలి. ఎక్కించుకుందామా అని ఒకరు అడిగారు, ఎందుకులే అని ఒకరు అన్నారు. కారు అటు వెళ్ళలేదు. ఒక మనిషిని బృందంలోనుంచి తొలగించడం అనే పెద్ద పని అంత చిన్న మాటతో జరిగింది. తీర్మానం లేదు, ఉత్తరం లేదు, తగువు లేదు.

తరువాత వాళ్ళు పూర్తిగా ముఖం చాటేశారని అనడం అన్యాయం. అతను ఒంటరిగా చేసిన రెండు ఆల్బముల నిర్మాణంలో 1970లో గిల్మర్, వాటర్స్, రైట్ చేయివేశారు. పాత పాటల తాలూకు డబ్బు అతనికి సక్రమంగా చేరేటట్టు గిల్మర్ చూశాడు. కానీ 1972లో మతి తప్పడం గురించి ఊరూరా తిరిగి వాయిస్తున్నప్పుడు వాళ్ళ కళ్ళముందు ఉన్న ముఖం ఎవరిదో చెప్పనక్కరలేదు. 'బ్రెయిన్ డ్యామేజ్' పాట అతన్ని తలుచుకుని రాసినదేనని వాటర్స్ చెప్పాడు.

ఇప్పుడు తేదీలు చూడండి. రెయిన్‌బో కచేరీలు ముగిసింది ఫిబ్రవరి 20. సరిగ్గా నాలుగు రోజుల తరువాత, ఫిబ్రవరి 24న, కేంబ్రిడ్జిలోని కార్న్ ఎక్స్ఛేంజ్ అనే పాత ధాన్యపు మార్కెట్టు భవనంలో సిడ్ బారెట్ వేదిక ఎక్కాడు. ట్వింక్ అనే డ్రమ్మరు, జాక్ మాంక్ అనే బాస్ వాద్యకారుడు, అతను కలిసి 'స్టార్స్' అని ఒక చిన్న బృందం కట్టారు. ఆ రాత్రి అమెరికా నుంచి వచ్చిన ఎం.సి.5 బృందం కచేరీలో వీళ్ళదీ ఒక భాగం. పాత పాటలు మొదలుపెట్టాడు, మరిచిపోయాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. జనం పలచబడ్డారు. 'మెలడీ మేకర్' పత్రికలో రాయ్ హాలింగ్‌వర్త్ ఆ సభ గురించి రాసినది క్రూరంగా రాసినది కాదు, ప్రేమతోనే రాసినది. అయితే ఏం, అది చదివాక సిడ్ ఇక వాయించనన్నాడని చెబుతారు. స్టార్స్ అక్కడితో ఆరిపోయింది.

నలుగురు స్నేహితులు లండన్‌లో నాలుగు మూలల శబ్దంతో మతిభ్రమణం గురించి వాయించి జేజేలు అందుకుంటున్న వారంలోనే, ఆ పాటలోని మనిషి, యాభై అరవై మైళ్ళ అవతల, చిన్న హాల్లో తన పాటను గుర్తుచేసుకోలేక నిలబడ్డాడు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రాత్రి నిద్రపట్టలేదు. దానికి కారణం సిడ్ బారెట్ కాదు.

మూడో సంవత్సరంలో మిత్రుడు నిద్ర మానేశాడు. మొదట పరీక్షలన్నాడు. తరువాత ఏమీ అనలేదు. తెల్లవార్లూ వరండాలో నడిచేవాడు. తరగతులకు రావడం తగ్గింది. టేపులోని మాటలకు సమాధానం చెబుతున్నాడని ఎవరో అన్నారు. నేను కాదనలేదు, ఎందుకంటే నేనూ విన్నాను. అతనికి మేము ముద్దుగా పెట్టుకున్న 'మూను' అన్న పేరు, ఆ నెలల్లో ముద్దు పోయి ఒట్టి పేరుగా మిగిలింది. మెస్సులో అతను కూర్చున్న బల్ల దగ్గర ఖాళీలు ఏర్పడసాగాయి. నేను గది మారాను. చదువుకోవాలి కదా అని కారణం చెప్పాను. మారేటప్పుడే ఆ కేసెట్టు అడిగి తీసుకున్నాను. "రెండు రోజుల్లో ఇచ్చేస్తారా" అన్నాను. "రెండోవైపు జాగ్రత్త" అన్నాడు.

విశాఖపట్నానికి ఇండస్ట్రియల్ టూరు. తెల్లవారుజామున సామర్లకోటలో రైలు అందుకోవాలి. హాస్టలు ముందు మెటడోరు నిలబడి ఉంది. అందరం ఎక్కాము. ఒకడు, "వాణ్ణి లేపాలేమోరా" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన తలుపు ఉంది. దిగి, మెట్లెక్కి, తలుపు తట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. డ్రైవరు గేరు మార్చాడు. అంతే. లేపనక్కరలేదని ఎవరమూ అనలేదని నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. నిజానికి అతను నిద్రపోవడం లేదని మాకందరికీ తెలుసు. వరండాలోనే ఎక్కడో నిలబడి చూసి ఉంటాడు.

మేము తిరిగి వచ్చేసరికి అతని అన్నగారు వచ్చి తీసుకువెళ్ళారు. పెట్టె, పరుపు, నోటుబుక్కులు అన్నీ. ఆ తరువాతి సంవత్సరం ఒకసారి వాళ్ళమ్మగారు నాకు కార్డు రాశారు. "బాబూ, వాడు మీ పేరు తలుస్తుంటాడు, వీలుంటే ఒకసారి వచ్చి వెళ్ళు" అని. జవాబు రాశాను, పరీక్షలవగానే వస్తాను పిన్నిగారూ అని. తరువాత ఉద్యోగం, హైదరాబాదు, పిల్లలు. మీరు ఊహించగలరు.

మళ్ళీ 1972కి వెళతాను. ఫిబ్రవరి తరువాత ఆ బృందం ఊపిరి సలపకుండా తిరిగింది. ఫ్రాన్సులో ఒక కోటలోని స్టూడియోకు వెళ్ళి బార్బే ష్రోడర్ చిత్రానికి సంగీతం ('అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్') కొద్దిరోజుల్లో చేశారు; మార్చిలో జపాను, ఏప్రిల్ మే నెలల్లో అమెరికా. మే చివర లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఆల్బం రికార్డింగు మొదలుపెట్టారు. అదీ ఒక్క బిగిని కాదు. మధ్యమధ్య మళ్ళీ పర్యటనలు, సెప్టెంబరులో హాలీవుడ్ బౌల్, నవంబరులో మార్సేయ్ నగరంలో రోలాఁ పెతీ బాలే నర్తకుల కోసం వాద్య సహకారం. స్టూడియోలో అలన్ పార్సన్స్ అనే యువ ఇంజనీరు. గడియారాల చప్పుళ్ళు అతని చలవే. పగలు స్టూడియోలో సవరణ, రాత్రి వేదిక మీద పరీక్ష. అటు సరిచేసినది ఇటు, ఇటు తేలినది అటు. 1973 మార్చిలో ఆల్బం విడుదలైంది.

ఒక బృందం శక్తులన్నీ ఒక్కచోట కూడిన దశ ఏదని అడిగితే చాలామంది ఆల్బం వచ్చిన తరువాతి పర్యటనలు చూపుతారు. జనమూ దీపాలూ అప్పుడే ఎక్కువ. నాకు మాత్రం ఈ పదమూడు పద్నాలుగు నెలలే అనిపిస్తుంది. నలుగురూ ఒకరి మాట ఒకరు వింటున్నారు. జనం కూడా వింటున్నారు. తెలియని పాట, నిశ్శబ్దంగా కూర్చుని వినేవారట. 1973 వేసవిలో అమెరికాలో 'మనీ' విడిపాటగా విజయం సాధించాక, ఆ పాట కోసం మొదటినుంచీ కేకలు వేసే జనం రావడం మొదలైందని బృందం వారే తరువాత చెప్పుకున్నారు. విజయం వాళ్ళకు డబ్బిచ్చి నిశ్శబ్దాన్ని తీసుకుంది.

1975 జూన్ 5న, తరువాతి ఆల్బం పని జరుగుతుండగా, ఆబీ రోడ్ స్టూడియోలోకి ఒక స్థూలకాయుడు, తలా కనుబొమ్మలూ గొరిగించుకున్నవాడు వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఎవరూ గుర్తుపట్టలేదు. సిడ్. అతని గురించే రాసిన పాట మీద పనిచేస్తున్నారు. గుర్తుపట్టాక కొందరికి కళ్ళనీళ్ళాగలేదని రాశారు. అతను తరువాత కేంబ్రిడ్జికి వెళ్ళిపోయి, బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ 2006 జూలైలో పోయాడు. రిచర్డ్ రైట్ 2008లో పోయాడు.

2022 చివర, ఆ ఏడాది నాటి కచేరీల రికార్డింగులు పలు ఇంటర్నెట్టులో వినడానికి దొరికాయి. రెయిన్‌బో కచేరీ మొదటినుంచి చివరిదాకా, టక్కుమనకుండా, నేను మొదటిసారి విన్నాను. 'బ్రెయిన్ డ్యామేజ్' తరువాత 'ఎక్లిప్స్', అంతా ఎక్కి ఎక్కి, ఆ పైన ఆగి, జనం చప్పట్లు. ముప్పై ఏళ్ళ తరువాత ముగింపు వినడం విచిత్రంగా ఉన్నది. గొప్పగా ఏమీ లేదు, చెప్పొద్దూ. గొంతులు కొంచెం తేలిపోయాయి, ఆల్బంలో ఉన్న నిండుతనం లేదు. అయినా రెండుసార్లు విన్నాను. మర్నాడు మా పాత హాస్టలు వాళ్ళలో ఒకరిని అడిగి అతని అన్నగారి నంబరు సంపాదించాను.

సంక్రాంతి వెళ్ళాక, మండపేట దగ్గర ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళాను. పిన్నిగారు ఏడెనిమిదేళ్ళ క్రితమే పోయారట. అన్నగారు, "రండి, వాడు పెరట్లో ఉన్నాడు. మందులు వేసుకుంటాడు, ఏ గొడవా లేదు. మాటలే తక్కువ" అన్నారు. మిత్రుడు వంగపాదుల దగ్గర నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, లావెక్కాడు. నేను గుర్తుపట్టాను. నన్ను అతను గుర్తుపట్టడానికి నేను పేరు చెప్పవలసి వచ్చింది.

ఏమి మాట్లాడాలో తెలియక ఫోనులో ఆ కచేరీ పెట్టి, ఇయర్‌ఫోనులు ఇచ్చాను. చివరి రెండు పాటలు. అరుగు మీద కూర్చుని కదలకుండా విన్నాడు. అయ్యాక తీసి నా చేతికిచ్చాడు.

"దీనికి ఆఖరు ఉందన్నమాట" అన్నాడు.

"ఉందిరా. మన టేపులో పట్టలేదు."

చాలాసేపు ఏమీ అనలేదు. గొట్టం పంపుకి తగిలించి, రెండో కొస నా చేతికిచ్చి, మిరప మడి చూపించాడు. ఎండ దిగేదాకా ఇద్దరం నీళ్ళు పెట్టాము. నేను బయలుదేరుతూ ఉంటే గుమ్మం దాకా వచ్చాడు.

"ఆ టేపు నీ దగ్గరే ఉందా?"

ఉన్నదన్నాను. బీరువాలో ఉన్నది, తెచ్చి ఇస్తానన్నాను.

"రెండోవైపు చివర తెగితే సెల్లోటేపు వేశాను. తిప్పేటప్పుడు చూసి తిప్పు."